ప్లేడేట్‌కి 199 డాలర్లు పెట్టొచ్చా? క్రాంక్ తీసేస్తే మిగిలేదేమిటి?

రెండు_బటన్లు
ప్లేడేట్ అనే చేతి గేమ్ కన్సోల్ కొనాలా వద్దా అని చాన్నాళ్లుగా ఊగిసలాడుతున్నాను. ఫొటో చూసిన ప్రతిసారీ మనసు లాగేస్తుంది. అరచేతిలో ఇమిడిపోయే పసుపుపచ్చ డబ్బా, పక్కన మడిచిపెట్టుకునే క్రాంక్, అంటే చేత్తో గుండ్రంగా తిప్పే పిడి. స్పెక్స్ దగ్గరికి వచ్చేసరికి నీరుగారిపోతున్నాను. 2.7 అంగుళాల స్క్రీన్, 400×240 పిక్సెళ్లు, నలుపూ తెలుపూ తప్ప మధ్యలో బూడిద రంగు కూడా లేదు. బ్యాక్‌లైట్ లేదు. నాలుగు దిక్కులకీ నొక్కే ఒక డీ-ప్యాడ్, రెండు బటన్లు, అంతే.

2019లో ప్రకటించినప్పుడు 149 డాలర్లన్నారు. 2021లో ప్రీఆర్డర్లు తెరిచేసరికి 179 అయింది. 2023లో 199 చేశారు. ఆ 2019లోనే నింటెండో స్విచ్ లైట్ కూడా వచ్చింది, 5.5 అంగుళాల కలర్ స్క్రీన్‌తో, దాదాపు ఇదే 199 డాలర్లకి.

నింటెండో వాళ్ల పాత గేమ్‌బాయ్ అంటే నాకు ప్రాణం. కోపం కూడా అందుకే వస్తోంది. మనలాంటి వాళ్లలో ఆ ప్రేమ ఉందని తెలిసే ఈ రేటు పెట్టారనిపిస్తోంది. వాడుతున్నవాళ్లూ, వాడి పక్కన పెట్టేసినవాళ్లూ ఇద్దరూ చెప్పండి. ముద్దుగా ఉందన్న సంగతి నాకూ తెలుసు. మోజు తీరాక కూడా చేతిలోకి తీసుకుంటున్నారా, అది చెప్పండి.

పిక్సెల్_పిచ్చి
వద్దు గురూ. ఆ డబ్బుతో రెండు మూడు మామూలు హ్యాండ్‌హెల్డ్‌లు వస్తాయి. నా దగ్గర ఆర్‌జీ35ఎక్స్‌ఎక్స్ ఉంది. 3.5 అంగుళాల స్క్రీన్, 640×480, బ్యాక్‌లైట్, గేమ్‌బాయ్ నుంచి మొదటి ప్లేస్టేషన్ దాకా హాయిగా నడుస్తాయి. రెట్రో కావాలంటే రెట్రో ఆటలే ఆడుకో.

శ్రీ_కొత్తమెంబర్
ఒక డౌట్. క్రాంక్ తిప్పితే ఛార్జ్ అవుతుందా? అలాగైతే ఆ రేటుకి అర్థం ఉంది.

సోల్డరింగ్_సుబ్బు
అవదండీ. చాలామంది అలాగే అనుకుంటారు. ఆ క్రాంక్ పూర్తిగా కంట్రోల్ కోసమే. ఎన్ని డిగ్రీల దగ్గరుందో, ఎటువైపు ఎంత తిరిగిందో గేమ్‌కి చెబుతుంది. ఛార్జింగ్‌కి యూఎస్‌బీ-సీ ఉంది.

శ్రీ_కొత్తమెంబర్
అయ్యో. ప్రయాణాల్లో పనికొస్తుందనుకున్నా.

పాతతరం_ప్లేయర్
@రెండు_బటన్లు మీ కోపం న్యాయమైనదే. కాకపోతే దాని మూలం కొంచెం వెనక్కి వెళ్లి వెతకాలి.

గేమ్‌బాయ్ 1989లో వచ్చింది. అదే ఏడాది అటారీ లింక్స్ కూడా వచ్చింది, కలర్ స్క్రీన్, బ్యాక్‌లైట్‌తో సహా. అంటే ఆ టెక్నాలజీ అప్పటికే ఉంది. నింటెండో కావాలనే వాడలేదు. గేమ్‌బాయ్ తయారీ వెనకున్న గుంపే యొకోయి పద్ధతే అది. బాగా పాతబడి, చవకైపోయి, అందరికీ లోతుపాతులు తెలిసిన టెక్నాలజీని తీసుకుని దానికి కొత్త వాడకం కనిపెట్టడం. ఫలితం ఏమిటంటే లింక్స్ 180 డాలర్లు, గేమ్‌బాయ్ 90 డాలర్లు. సరిగ్గా సగం రేటు. గేమ్‌బాయ్ నాలుగు పెన్సిల్ సెల్స్‌తో పది గంటలు దాటి ఆడేది. తర్వాత వచ్చిన సెగా గేమ్ గేర్‌కి ఆరు సెల్స్ వేస్తే మూడు నుంచి ఐదు గంటలు.

అప్పట్లో ఆ నాలుగు రంగుల ఆకుపచ్చ స్క్రీన్ వల్ల కొనేవాడికి లాభం జరిగింది. డబ్బు మిగిలింది, బ్యాటరీ మిగిలింది. ప్లేడేట్‌లో స్క్రీన్ తగ్గింది, బటన్లు తగ్గాయి, రంగులు తగ్గాయి, రేటు మాత్రం రెండుసార్లు మారి పైకి పోయింది. తగ్గించిన దానిలో మన వాటా ఎక్కడ? నా అభ్యంతరం అంతా ఇక్కడే ఉంది. క్రాంక్ మీద నాకు ఏ కోపమూ లేదు.

రెండు_బటన్లు
నేను చెప్పాలనుకున్నది సరిగ్గా ఇదే అన్నా. నాకు మాటలు దొరకలేదు.

లెక్కల_మాస్టారు
1989 నాటి 90 డాలర్లు అమెరికా ద్రవ్యోల్బణం లెక్కన 2023కి 220 దాకా అవుతాయి. ఆ లెక్కన చూస్తే ప్లేడేట్ గేమ్‌బాయ్ కంటే చవక.

పాతతరం_ప్లేయర్
మాస్టారూ, ఆ లెక్క బియ్యానికి, ఇంటి అద్దెకి సరిపోతుంది. చిప్‌ల ధర ఈ ముప్పై ఏళ్లలో ఎటు పోయిందో చూడండి. పైగా నేను పోల్చింది అదే రోజున అదే అల్మారాలో పక్కపక్కన ఉన్న వస్తువుల్ని. 1989లో గేమ్‌బాయ్ పక్కవాటి కంటే చవక. ఇవాళ ప్లేడేట్ పక్కవాటి కంటే ఖరీదు.

లెక్కల_మాస్టారు
సరే, పక్కవాటి లెక్కే తీసుకుందాం. ప్రీఆర్డర్లు తెరిచిన రోజు 20 వేల పీసులు 20 నిమిషాల్లో అయిపోయాయని అప్పట్లో పెద్ద వార్త. ఆ 20 వేలే వాళ్ల మొదటి బ్యాచ్ మొత్తం. గేమ్‌బాయ్, గేమ్‌బాయ్ కలర్ కలిపి 11 కోట్ల 80 లక్షలకు పైగా అమ్ముడయ్యాయి. అచ్చు తయారు చేయించే ఖర్చు కోటి పీసుల మీద పంచితే పైసలు. 20 వేల మీద పంచితే? చిన్న కంపెనీ చేసిన వస్తువుకి పెద్ద కంపెనీ రేటు రాదు. ప్లేడేట్ చేసిన ప్యానిక్ వాళ్లు అంతకుముందు మ్యాక్ సాఫ్ట్‌వేర్ చేసుకునేవాళ్లు, తర్వాత కొన్ని గేమ్స్ పబ్లిష్ చేశారు. హార్డ్‌వేర్ వాళ్లకి ఇదే మొదటిది.

బ్యాటరీ_భద్రం
మొదటిది కాబట్టే దెబ్బ తిన్నారు కూడా. 2021 చివర్లో రావాల్సింది 2022 ఏప్రిల్‌కి వచ్చింది. తయారైన మొదటి 5 వేల పీసుల్లో బ్యాటరీలు పూర్తిగా దిగిపోయి ఆన్ అవ్వని సమస్య బయటపడింది. అన్నిటినీ ఫ్యాక్టరీకి వెనక్కి పంపి బ్యాటరీలు మార్చారు. దాన్ని దాచకుండా వాళ్లే చెప్పారు, అది నాకు నచ్చింది. చిన్న కంపెనీ కష్టాలు అర్థం చేసుకోగలను. ఆ కష్టానికి బిల్లు నేనెందుకు కట్టాలన్నది మాత్రం అర్థం కాదు.

లక్ష్మి_లెవెల్2
నా దగ్గర ఉంది, ఇప్పటికీ వాడుతున్నా. ఇక్కడ వాడినవాళ్లు ఎవరూ మాట్లాడట్లేదు కాబట్టి కొంచెం వివరంగా రాస్తా.

స్క్రీన్ గురించి. ఫొటోల్లో చూసి అంచనా వేయొద్దు. ఇది షార్ప్ వాళ్ల మెమరీ ఎల్‌సీడీ. పిక్సెళ్లు చాలా దగ్గరగా ఉంటాయి, అచ్చులో అక్షరంలా గీత కరుకుగా తెగుతుంది. బాల్కనీలో ఎండలో కూర్చుని ఆడితే ఫోన్ కనిపించదు, ఇది ఎండ పెరిగేకొద్దీ ఇంకా బాగా కనిపిస్తుంది. ఇక రాత్రి పడుకునేముందు మంచం మీద ఆడదామంటే టేబుల్ ల్యాంప్ భుజం వెనక నుంచి పడాలి. ల్యాంప్ ఎదురుగా ఉంటే స్క్రీన్ మీద బల్బు బొమ్మ కనిపిస్తుంది, ఆట కనిపించదు. నేను ఇప్పటికి దిండు ఎటు పెట్టాలో నేర్చుకున్నాను. బ్యాక్‌లైట్ లేకపోవడం నిజమైన లోపమే, దాన్ని అందం అని చెప్పేవాళ్లతో నేను ఏకీభవించను.

క్రాంక్ గురించి. కీతా తకహాషి చేసిన ఆట ఒకటుంది, క్రాంకిన్స్ టైమ్ ట్రావెల్ అడ్వెంచర్. క్రాంకిన్ అనే బుల్లి రోబో తన ప్రియురాలిని కలవడానికి నడిచి వెళుతుంటాడు. క్రాంక్ ముందుకి తిప్పితే అతని సమయం ముందుకి నడుస్తుంది, వెనక్కి తిప్పితే వెనక్కి. దారిలో ఎగిరే సీతాకోకచిలుక మాత్రం మన క్రాంక్‌కి లొంగదు, దాని సమయం దానిది. అతను దారిలో వంగి పువ్వు వాసన చూసే క్షణానికి సరిగ్గా సీతాకోకచిలుక తల మీదుగా పోయేలా మనం తిప్పాలి. అర అంగుళం తిప్పి, పావు అంగుళం వెనక్కి తెచ్చి, ఊపిరి బిగబట్టి మళ్లీ కొంచెం. ఈ ఆట బటన్ల మీద ఆడలేం. థంబ్‌స్టిక్ మీద కూడా ఆ పట్టు రాదు. వేలికి ఆ మెత్తటి తిరుగుడు తెలుస్తుంది చూడండి, దానికోసమే నేను ఇంకా తీస్తుంటాను.

పిక్సెల్_పిచ్చి
@లక్ష్మి_లెవెల్2 అలాంటి ఆటలు ఎన్ని ఉన్నాయండీ? ఒకటా, రెండా?

లక్ష్మి_లెవెల్2
సీజన్ వన్‌లో 24 ఆటలు కన్సోల్ రేటులోనే వస్తాయి. ఆన్ చేసిన రోజు నుంచి వారానికి రెండు చొప్పున 12 వారాలు, వైఫై మీద అవే దిగుతాయి. క్రాంక్ లేకపోతే ఆటే లేదు అనదగ్గవి అందులో నాలుగైదు. ఇంకొన్నిటిలో క్రాంక్ ఉంటే బాగుంటుంది. మిగతావాటిలో మెనూ తిప్పడానికి పెట్టారు, లేదా అసలు ముట్టుకోరు. ఇది నా అభిప్రాయం.

పిక్సెల్_పిచ్చి
24లో నాలుగైదు. 199 డాలర్లు. నా మాట నేను వెనక్కి తీసుకోను.

మణికట్టు_జాగ్రత్త
ఒక విషయం ఎవరూ అనట్లేదు. నాకు కీబోర్డ్ పని వల్ల మణికట్టు నొప్పి ఉంది. స్నేహితురాలి ప్లేడేట్‌లో వైట్‌వాటర్ వైప్‌అవుట్ ఆడాను. సర్ఫింగ్ ఆట, క్రాంక్‌తో మనిషిని గాలిలో గింగిరాలు తిప్పాలి. ఆట మజాగా ఉంది, కానీ కాసేపటికే ఎడమ చెయ్యి లాగేసింది. తిప్పేది కుడి చెయ్యి, డబ్బా కదలకుండా పట్టుకోవాల్సింది ఎడమ చెయ్యి. అంత చిన్న వస్తువుని అంత గట్టిగా పట్టుకుంటే వేళ్లు ముడుచుకుపోతాయి. నా లాంటి వాళ్లు కొనేముందు ఎవరిదైనా అడిగి చేత్తో తిప్పి చూడండి.

సోల్డరింగ్_సుబ్బు
మంచి పాయింట్. పొడవు వెడల్పు దాదాపు 7.5 సెంటీమీటర్లు, మందం 9 మిల్లీమీటర్లే. జేబుకి బాగుంటుంది, అరచేతికి ఆనడానికి ఏమీ దొరకదు. త్రీడీ ప్రింటర్ ఉన్నవాళ్లు దీనికి వెనక గ్రిప్‌లు చేసుకుంటున్నారు.

పాతతరం_ప్లేయర్
క్రాంక్‌ని గిమ్మిక్ అని, అంటే ఉత్త హంగు అని కొట్టిపారేస్తుంటారు కదా, ఆ మాట చుట్టూ కూడా కొంచెం తిరుగుదాం. తిప్పే కంట్రోల్ కొత్తది కాదు. 1972 పాంగ్ ఆడిందే గుండ్రటి నాబ్‌తో. 1981 టెంపెస్ట్‌కి స్పిన్నర్ ఉండేది. గేమ్‌బాయ్ అడ్వాన్స్ రోజుల్లో 2003లో బొక్తాయ్ వచ్చింది, కార్ట్రిడ్జ్ మీద సూర్యకాంతి సెన్సర్. ఎండలోకి వెళ్లి ఆడితేనే ఆయుధం నిండుతుంది! 2004లో వారియోవేర్ ట్విస్టెడ్ కార్ట్రిడ్జ్‌లో గైరో సెన్సర్ పెట్టారు, మెషీన్ మొత్తాన్ని స్టీరింగ్‌లా తిప్పుతూ ఆడాలి.

గమనించండి, ఈ రెండూ ఎలా అమ్మారో. ఆ వింత సెన్సర్ కార్ట్రిడ్జ్‌లో ఉంది. ఒక ఆట రేటు కట్టి ఆ వింత చూశాం. నచ్చకపోతే కార్ట్రిడ్జ్ తీసి ఇంకోటి పెట్టుకున్నాం. ఇక్కడ వింత కోసం కన్సోలే కొనాలి.

ఫ్రేమ్_రేటు_ఫణి
నింటెండో డీఎస్‌ని కూడా 2004లో గిమ్మిక్ అనే అన్నారు అన్నా. రెండు స్క్రీన్లెందుకు, పెన్నెందుకు అన్నారు. 15 కోట్లకు పైగా అమ్ముడయింది.

పాతతరం_ప్లేయర్
నింటెండో వర్చువల్ బాయ్‌ని కూడా అలాగే అన్నారు తమ్ముడూ. 1995లో వచ్చింది, ఏడాదిలో మూట కట్టేశారు. దాని వెనక ఉన్నది కూడా యొకోయిగారే, అందుకే ఆయన పేరు చెప్పగానే చేతులు జోడించక్కర్లేదు. గిమ్మిక్ నిలబడిందా పడిపోయిందా అన్నది దానికోసం ఎంతమంది బుర్ర పెట్టి ఆటలు చేశారన్న దాన్ని బట్టి ఉంటుంది.

లువా_లోకేష్
ఆటలు చేసేవాళ్ల మాట వచ్చింది కాబట్టి దిగుతున్నా. ప్లేడేట్ మీద చిన్న పజిల్ గేమ్ చేశాను. నేను ఈ మెషీన్‌ని సమర్థించేది ఆటగాడిగా కాదు, చేసేవాడిగా.

ఆటలు తయారు చేసుకునే సాఫ్ట్‌వేర్ కిట్, అంటే ఎస్‌డీకే, ఉచితం. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటికీ ఉంది. లువా అనే తేలికైన ప్రోగ్రామింగ్ భాషలో రాయొచ్చు, వేగం కావాలంటే సీ భాషలో రాయొచ్చు. లైసెన్స్ అడుక్కోనక్కర్లేదు, డెవలపర్ కిట్ అని వేరే మెషీన్ లేదు. మనం కొన్నదే డెవ్ కిట్. చేసిన ఆటను కేబుల్ పెట్టి ఎక్కించుకోవచ్చు, ఫ్రెండ్‌కి ఫైల్ పంపొచ్చు, ఇచ్.ఐఓ అనే సైట్‌లో అమ్ముకోవచ్చు. 2023 నుంచి క్యాటలాగ్ అని వాళ్ల సొంత స్టోర్ కూడా మెషీన్‌లోనే ఉంది. ఒక్కడినే కూర్చుని ఇంత తేలిగ్గా నిజమైన కన్సోల్ మీద ఆట చేయడం నాకు ఇంకెక్కడా కుదరలేదు.

నలుపు తెలుపు అంటే తేలిక పని అనుకోకండి. బూడిద రంగు కావాలంటే చుక్కలు మార్చి మార్చి పెట్టాలి, డిదరింగ్. నిలబడి ఉన్నంతసేపూ గోడ బూడిద రంగులో బాగానే కనిపిస్తుంది. కెమెరా ఒక్క పిక్సెల్ పక్కకి జరిగిందంటే నల్ల చుక్క ఉన్నచోట తెల్లది, తెల్లది ఉన్నచోట నల్లది వచ్చి గోడంతా జిగేల్మంటుంది. రెండు పిక్సెళ్ల చొప్పున జరిపితే ఆ మినుకు పోతుంది. ఈ సంగతి తెలిసేదాకా నా బుర్ర పాడైంది. తెలిశాక మాత్రం ఆటలో ప్రతి కదలికనీ దాని చుట్టూ మళ్లీ కట్టుకున్నాను. అలాంటి పని చేస్తున్నప్పుడే నాకు పాత గేమ్‌బాయ్ ప్రోగ్రామర్లు పడిన పాట్లు తెలిశాయి.

కార్ట్‌రిడ్జ్_కుమార్
@లువా_లోకేష్ పరిమితులే కావాలంటే పికో-8 ఉంది కదా బ్రదర్, సాఫ్ట్‌వేర్‌గా మాత్రమే ఉండే ఊహా కన్సోల్. 128×128, 16 రంగులు, అదీ లువానే. కోడ్ 8192 టోకెన్లు, అంటే పదాలూ గుర్తులూ, దాటితే ప్రోగ్రామ్ నడవదు. 15 డాలర్లు. వేరే మెషీన్ అక్కర్లేదు, బ్రౌజర్‌లో ఆడించొచ్చు, పిక్సెల్_పిచ్చి చెప్పిన ఆ చవక హ్యాండ్‌హెల్డ్‌ల మీద కూడా నడిపించుకుంటున్నారు. ఆర్డుబాయ్ కూడా ఉంది, క్రెడిట్ కార్డు సైజు, 128×64 ఒక బిట్ స్క్రీన్, 2.5 కిలోబైట్ల ర్యామ్. అది కూడా ఓపెన్‌గానే ఉంటుంది, రేటు ప్లేడేట్ దరిదాపుల్లో కూడా లేదు. ఒక బిట్ స్క్రీన్ మీద ఆటలు చేయాలన్న సరదాకి 199 పెట్టక్కర్లేదు.

లువా_లోకేష్
పికో-8 నాకూ ఇష్టమే. కానీ నా ఆట బ్రౌజర్ ట్యాబ్‌లో ఉంటే ఎవరూ పది నిమిషాలు కూర్చోరు. ప్లేడేట్ ఉన్నవాళ్లు తక్కువమందే అయినా కూర్చుని ఆడతారు, ఆడి మెయిల్ రాస్తారు, ఎక్కడ విసుగొచ్చిందో చెబుతారు. కొత్తగా చేసేవాడికి అంతకంటే ఏం కావాలి?

పిక్సెల్_పిచ్చి
అంటే ఆ 199 డాలర్లలో కొంత మిగతా ఆటగాళ్ల ఓపికకి అన్నమాట. అది ఒప్పుకుంటాను, ఓపికగల మనుషులు దొరకడం కష్టమే.

బ్యాటరీ_భద్రం
@పిక్సెల్_పిచ్చి చవక హ్యాండ్‌హెల్డ్‌ల వైపు కూడా ఒక మాట. ఒక చిన్న బ్రాండ్‌ది కొన్నాను, పేరు వద్దు. కొన్నాళ్లకే బ్యాటరీ ఉబ్బి వెనక మూత పైకి లేచింది. మెయిల్ పెడితే ఈ మోడల్ ఆపేశాం, కొత్తది కొనండి అని జవాబు. ఇంకో రకం దానిలో కంపెనీ ఇచ్చిన మెమరీ కార్డు చచ్చిపోయి సేవ్‌లన్నీ పోయాయి. చవకది కొనేవాళ్లు మొదటి రోజే కార్డు మార్చి, పాతదాన్ని కాపీ తీసుకోండి. పదింతలు రేటు పెట్టక్కర్లేదు కానీ, మరీ చవకైన చోట మన తర్వాత ఎవరూ బాధ్యత తీసుకోరు.

పిక్సెల్_పిచ్చి
కార్డు సంగతి నిజమే, కొనగానే మార్చాలి. నాకు తెలిసినవాళ్లందరూ చేసేది అదే.

శ్రీ_కొత్తమెంబర్
ఆ చవక వాటిలో వేల ఆటలు ముందే వేసి ఇస్తారట కదా? ఎక్కడ దొరుకుతాయో లింకులు ఎవరైనా ఇస్తారా?

వేదిక_నిర్వాహకుడు
రోమ్‌ల (ఆటల కాపీ ఫైళ్ల) లింకులు ఇక్కడ వద్దు. ముందే వేసి అమ్మే ఆ కార్డుల్లో ఎక్కువ భాగం హక్కులు లేని కాపీలే. సొంత కార్ట్రిడ్జ్ నుంచి కాపీ తీసుకోవడం, అభిమానులు సొంతంగా చేసి ఉచితంగా ఇచ్చే కొత్త హోమ్‌బ్రూ ఆటలు, వీటి గురించి వేరే చర్చ ఉంది, అక్కడ అడగండి.

పాతతరం_ప్లేయర్
నిర్వాహకులు చెప్పిన దానిలోనే రేటు రహస్యం కొంత ఉంది. చవక హ్యాండ్‌హెల్డ్ రేటులో ఆటలు చేసినవాడి వాటా సున్నా. ప్లేడేట్ రేటులో 24 ఆటల వాటా ఉంది. ఈ ఒక్క విషయంలో నేను ప్యానిక్ వైపే. నా గొడవ మిగతా రేటు గురించి.

నాన్నారి_జాయ్‌స్టిక్
మా అమ్మాయి కోసం తెచ్చాను. డబ్బా తెరిచి స్క్రీన్ చూసి "రంగులేవి నాన్నా?" అని అడిగింది. క్రాంక్ తిప్పితే కిర్రుమని శబ్దం వస్తుందేమోనని చెవి దగ్గర పెట్టుకుంది. రాలేదు. తర్వాత దాన్ని పట్టించుకోలేదు.

కొన్నాళ్లకి పల్ప్ చూపించాను. బ్రౌజర్‌లోనే ఆట తయారు చేసుకునే ఎడిటర్, ఉచితం. ప్రతి బొమ్మా 8×8 గడులు, ఒక గదిలో అడ్డంగా 25, నిలువుగా 15 బొమ్మలు పడతాయి. 64 గడుల్లో పిల్లిని గీయడానికి కూర్చుంది. చెవులు వచ్చాయి, మీసాలకి చోటు లేదు. మీసాలు తీసేస్తే ఎలక అనుకుంటారేమోనని చెవులు మొనదేల్చింది. తోక ఒక్క గడి పైకి లేపితే పిల్లికి కోపం వచ్చినట్టుంది, కిందకి దించితే భయపడినట్టుంది. ఆ రెండు బొమ్మలూ మార్చి మార్చి చూపిస్తే తోక ఊపుతున్నట్టు అయింది, ఇక ఆ సాయంత్రం అన్నానికి లేవలేదు. ఇప్పుడు ఆ పిల్లి ఆ చిన్న డబ్బాలో నడుస్తుంది. ఫ్రెండ్స్ అందరి చేతా తిప్పిస్తోంది.

సీజన్ వన్ ఆటలు తను సగం కూడా తెరవలేదు. కాబట్టి ఆట వస్తువుగా చూస్తే మా ఇంట్లో దండగే అయ్యేది.

రెండు_బటన్లు
@నాన్నారి_జాయ్‌స్టిక్ ఇది చదివి చాలా సంతోషం వేసింది అన్నా. ఒక ప్రశ్న. పల్ప్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది కదా. కన్సోల్ లేకుండా పాప ఇదే చేసి ఉండేదా?

నాన్నారి_జాయ్‌స్టిక్
గీసేది. చేతిలో పట్టుకుని చూపించడానికి లేకపోతే రెండో రోజు తెరిచేది కాదనుకుంటాను.

లెక్కల_మాస్టారు
కొత్త లెక్క. 199ని 24 ఆటలతో భాగిస్తే ఆటకి 8 డాలర్ల చిల్లర, మెషీన్ ఊరికే వచ్చినట్టు. సీజన్ టూ 2025లో వచ్చింది, 12 ఆటలకి 39 డాలర్లు, ఆటకి 3 డాలర్ల పావు.

పిక్సెల్_పిచ్చి
మాస్టారూ, మీ రెండో లెక్కే మొదటిదాన్ని కొట్టేస్తోంది. ఆట ధర 3 డాలర్ల పావే అయితే మొదటి 24కి 78 డాలర్లు. మిగిలిన 121 డబ్బాకి. మళ్లీ మొదటికే వచ్చాం.

లెక్కల_మాస్టారు
121 డాలర్ల డబ్బా అంటే నాకు మరీ అన్యాయంగా అనిపించట్లేదు.

పిక్సెల్_పిచ్చి
నాకు అనిపిస్తోంది.

సోల్డరింగ్_సుబ్బు
డబ్బా గురించి ఒక్క మాట. డిజైన్‌లో స్వీడన్‌కి చెందిన టీనేజ్ ఇంజనీరింగ్ చెయ్యి ఉంది, క్రాంక్ ఆలోచన వాళ్లదే. వాళ్ల సింథసైజర్ల రేట్లు చూసినవాళ్లకి ఈ 199 చూసి ఆశ్చర్యం వేయదు. లోపల కార్టెక్స్-ఎం7 ప్రాసెసర్, 16 ఎంబీ ర్యామ్, 4 జీబీ స్టోరేజ్. ఫోన్ పక్కన పెడితే ఏమీ లేదు. కానీ స్క్రీన్ మాత్రం చవక సరుకు కాదు. ఒకసారి గీసిన పిక్సెల్‌ని నిలబెట్టడానికి దాదాపు కరెంటు తినదు. అందుకే లాక్ చేసి పెట్టినా గడియారం కనిపిస్తూనే ఉంటుంది. ఆడితే 8 గంటలు, గడియారంలా పెడితే 14 రోజులు అని కంపెనీ చెబుతుంది. హెడ్‌ఫోన్ జాక్ కూడా ఉంది, ఈ రోజుల్లో అదే పండగ.

ఫ్రేమ్_రేటు_ఫణి
హెడ్‌ఫోన్ జాక్ ఉందా! ఈ చర్చలో ఇంతవరకూ విన్న మంచి వార్త ఇదే.

కార్ట్‌రిడ్జ్_కుమార్
నిజమైన పాత కార్ట్రిడ్జ్‌లు ఉన్నవాళ్లకి అనలాగ్ పాకెట్ కూడా ఒక దారి. 2021 డిసెంబర్‌లో వచ్చింది, రేటు 220 దాకా. ఖరీదే. కానీ 3.5 అంగుళాల 1600×1440 స్క్రీన్, గేమ్‌బాయ్ రిజల్యూషన్‌కి అటు పది రెట్లు ఇటు పది రెట్లు. గేమ్‌బాయ్, కలర్, అడ్వాన్స్ కార్ట్రిడ్జ్‌లు నేరుగా పెట్టుకోవచ్చు. పాత మెషీన్‌ని సాఫ్ట్‌వేర్‌తో అనుకరించే ఎమ్యులేటర్ కాదు, పాత చిప్‌లా మలుచుకునే ఎఫ్‌పీజీఏ చిప్. డబ్బు ఎటు పోయిందో ఆన్ చేసిన నిమిషంలో కళ్లకి కనిపిస్తుంది. ఖరీదైన రెట్రోని నేను కొలిచేది అలా. @రెండు_బటన్లు గేమ్‌బాయ్ ప్రాణం అన్నావు, కార్ట్రిడ్జ్‌లు దాచుకున్నావా?

రెండు_బటన్లు
దాచుకున్నా బ్రదర్, ఒక డబ్బా నిండా ఉన్నాయి. టెట్రిస్ కూడా ఉంది.

కార్ట్‌రిడ్జ్_కుమార్
అయితే ఆలోచించు.

లక్ష్మి_లెవెల్2
@రెండు_బటన్లు నేను ఇష్టంగా వాడుతున్నా మీకు కొనమని చెప్పలేకపోతున్నాను. మీరు మొదటి పోస్టులో అడిగినదంతా గేమ్‌బాయ్ గురించే. గేమ్‌బాయ్ బెంగ తీర్చుకోవడానికైతే ఇది పనికిరాదు. ఇందులో పాత ఆటలు లేవు, పాత రంగు లేదు. పేపర్స్ ప్లీజ్ చేసిన లూకస్ పోప్ 2024లో దీనికోసం మార్స్ ఆఫ్టర్ మిడ్‌నైట్ అనే ఆట చేశాడు, తలుపు కన్నంలోంచి వచ్చినవాళ్లని చూసి లోపలికి రానివ్వాలా వద్దా తేల్చే ఆట, ఆ కన్నం తెరిచేది క్రాంక్‌తో. అలాంటి వింత చిన్న ఆటలు కావాలనిపిస్తే అప్పుడు చూడండి. అదీ సెకండ్ హ్యాండ్‌లో.

రెండు_బటన్లు
ఇంత నిజాయతీగా చెప్పినందుకు థ్యాంక్స్ లక్ష్మి గారూ. ప్రస్తుతానికి కొనట్లేదు. రేటు విషయంలో నా మనసు మారలేదు, పాతతరం అన్న మాటే నా మాట. కానీ లోకేష్, నాన్నారి పోస్టులు చదివాక ఎస్‌డీకే దించుకుంటున్నా. మెషీన్ లేకుండా కంప్యూటర్‌లోనే ఆట నడిపే దాని సిమ్యులేటర్‌లో క్రాంక్ ఎలా తిప్పుతారు?

లువా_లోకేష్
సిమ్యులేటర్ కిటికీలో క్రాంక్ బొమ్మ ఉంటుంది, మౌస్‌తో పట్టుకుని తిప్పడమే. చేతికి అసలుది తెలియదు కానీ ఆట పనిచేస్తోందో లేదో తెలుస్తుంది. ఒకటి గుర్తుపెట్టుకోండి, కంప్యూటర్ మీద పరిగెత్తిన ఆట మెషీన్ మీద ఈడ్చుకుంటూ నడవొచ్చు. లువాలో ప్రతి ఫ్రేమ్‌కీ కొత్త టేబుళ్లు (డేటా పట్టికలు) సృష్టిస్తూ పోతే మధ్యమధ్యలో వాడేసిన మెమరీ చెత్త ఏరుకోవడానికి ఆగుతుంది. సెకనుకి 30 ఫ్రేమ్‌లు అనుకుని మొదలుపెట్టండి, 50 జోలికి మొదట్లోనే పోకండి.

ఎడమచేతి_వాటం
మొత్తం చదివాను. క్రాంక్ కుడివైపే ఉంది కదా, మా సంగతేంటి? నాకు కుడిచేత్తో సీసా మూత తిప్పడం కూడా రాదు.

లువా_లోకేష్
సెట్టింగ్స్‌లో అప్‌సైడ్ డౌన్ అని ఉంది. అది పెట్టుకుని మెషీన్‌ని తలకిందులు చేస్తే బొమ్మ నిటారుగా వస్తుంది, క్రాంక్ ఎడమవైపుకి వస్తుంది. డీ-ప్యాడ్ కుడివైపుకి పోతుంది, దానికి అలవాటు పడాలి. ఆట చేసేవాళ్లకి కూడా ఎస్‌డీకేలో ఒక ఫంక్షన్ ఉంది, ఆ సెట్టింగ్ పెట్టి ఉందో లేదో చెబుతుంది. @రెండు_బటన్లు మీ ఆటలో మొదటి నుంచే అది చూసుకోండి, తర్వాత అతికించడం నరకం.

ఎడమచేతి_వాటం
థ్యాంక్స్ బ్రదర్. ఆ క్రాంకిన్ ఆట ఒకసారి తలకిందులుగా ఎవరైనా ఆడి, తిప్పే దిశ కూడా మారుతుందో లేదో చెబుతారా?

లక్ష్మి_లెవెల్2
రాత్రికి చూసి చెబుతా.